దానయ్య సాక్సఫోన్, లిమ్ అంకుల్ మోకాలు

మా దానయ్య ఈ విద్య ఎక్కడ నేర్చాడని అందరూ నన్నే అడుగుతారు. ఆదివారం మధ్యాహ్నం హోటల్ లాంజ్‌లో కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ విని, బయటికొస్తూ గోడమీద అతని ఫోటో చూసి, పక్కనున్న నన్ను పట్టుకుంటారు. న్యూయార్క్‌లోనా ఆంటీ అని ఒకరు, గోవా అయివుంటుందిలే అని ఇంకొకరు. మండపేటలో అంటే నవ్వుతారు. నేను జోకు వేశాననుకుంటారు. సింగపూర్ హౌగాంగ్ ఫ్లాట్‌లో ఇన్నేళ్ళుగా మెస్ నడుపుతున్న మనిషికి జోకులు వేసే తీరిక ఎక్కడిది? కాస్త చూపున్నవాళ్ళయితే ఇంకో ప్రశ్న కూడా వేస్తారు, మా ఆయన సాంబమూర్తి గారు ఖాళీ ప్లేటు పట్టుకుని టేబుళ్ళ మధ్య అలా ఎందుకు తిరుగుతున్నారని. రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. కొంచెం పొడుగు జవాబు, కూర్చుని వినాలి.

దానయ్య వాళ్ళ నాన్న పెద్దయ్యది బ్యాండుమేళం. ఎర్ర కోట్లు, భుజాలమీద జరీ అల్లికలు, కుచ్చుటోపీలు. పెళ్ళికొడుకు ఊరేగింపులో అందరికన్నా ముందు సాక్సఫోన్. అది పట్టినవాడు పెళ్ళికొడుకు వైపు మొహం పెట్టి వెనక్కి నడుస్తూ వాయిస్తాడు. టపాకాయల మోత, జనం కేకలు, ఆ గోలలో ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి పెద్దయ్య పార్టీలో ఒక కట్టుబాటు ఉండేది. డ్రమ్ములవాళ్ళు సాక్సఫోన్ మనిషి కాళ్ళు చూడాలి. కాళ్ళు నడిచినంతసేపూ పాట ఉన్నట్టు, కాళ్ళు ఆగితే పాట అయిపోయినట్టు. సాక్సఫోన్ మనిషేమో పెళ్ళికొడుకును చూడాలి. ఆయన కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. నాలుగు రోడ్ల కూడలిలో కూడా నిలబడరు, గుండ్రంగా తిరుగుతారు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చీ రాగానే దానయ్య ఆ ఎర్ర కోటు తొడిగాడు. అప్పట్నుంచి ఒక్కపాట కూడా నిలబడి వాయించిన పాపాన పోలేదు.

తర్వాత ఊళ్ళలోకి ట్రాక్టరెక్కిన సౌండు బాక్సులు వచ్చాయి. పెళ్ళివాళ్ళకి ఇరవై మంది ఎర్రకోట్ల కంటే రెండు నల్లపెట్టెలు ముద్దొచ్చాయి. పెద్దయ్య మంచాన పడ్డాడు, పార్టీ చెదిరిపోయింది. దానయ్య వెల్డింగు నేర్చుకుని, వర్క్ పర్మిట్ మీద సింగపూర్ వచ్చి ఓడల యార్డులో చేరాడు. బూన్ లే దగ్గర డార్మిటరీ, ఒక గదిలో అందరూ మంచం మీద మంచం. వచ్చేటప్పుడు అందరూ ఆవకాయ తెచ్చుకుంటే ఈయన లుంగీలో చుట్టి సాక్సఫోన్ తెచ్చుకున్నాడు. డార్మిటరీలో దాన్ని బయటికి తీస్తే కొడతారు. అందుకని ఆదివారం ఆదివారం రైలెక్కి మా మెస్‌కి వచ్చి, గోంగూరపచ్చడితో కడుపునిండా తిని, మా బ్లాకు వెనక కాలువ గట్టుమీద నడుచుకుంటూ వాయించుకునేవాడు. దగ్గరగా వినపడి, చిన్నదై, మళ్ళీ దగ్గరకొచ్చేది ఆ పాట. నేను గిన్నెలు తోముకుంటూ వినేదాన్ని. నచ్చేది. ఆ మాట అతనితో అనలేదనుకోండి, మనిషికి పొగరొస్తుందని.

పక్క బ్లాకులో పెర్సీ మింజూట్ అని ఒక ముసలాయన ఉండేవాడు. యూరేషియన్, ఎప్పుడో పోర్చుగీసు తాత ఒకడు ఓడదిగి ఇక్కడ స్థిరపడితే వచ్చిన వంశం. ఊళ్ళో పెద్ద హోటల్ లాంజ్‌లో జాజ్, రిథమ్ అండ్ బ్లూస్ వాయించే బ్యాండు ఆయనది. పియానో ఆయనే. ఒక ఆదివారం ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, కాలువ గట్టుమీద దానయ్య వెంట వగర్చుకుంటూ నడవడం కిటికీలోంచి చూశాను. ఆయన బ్యాండులో సాక్సఫోన్ మనిషి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడట. ఈ పాట ఒకచోట నిలిస్తే మాట్లాడదామని కాచుకుని, నిలవకపోయేసరికి వెంటపడ్డాడట.

అది కంప్యూటర్ల కాలం. రెండువేల సంవత్సరం వస్తే మెషిన్లన్నీ తలకిందులవుతాయని ప్రపంచం వణుకుతుంటే, ఆ వణుకు పుణ్యమా అని మన కుర్రాళ్ళు విమానాలెక్కి దిగుతున్నారు. మా ఫ్లాట్‌లో ఒక గది ఉపేంద్రకి అద్దెకిచ్చాం. భీమవరం కుర్రాడు, అన్నం తింటూ కూడా ప్రోగ్రాముల సంగతే. అలాంటివాళ్ళతో, వాళ్ళ బాసులతో హోటళ్ళన్నీ కిటకిటలాడేవి. లాంజ్‌లకి బ్యాండు కావాలి, బ్యాండుకి సాక్సఫోన్ కావాలి. దానయ్య యార్డు కాంట్రాక్టు కూడా అయిపోవస్తోంది. హోటల్‌వాళ్ళు తీసుకుంటే కొత్త పర్మిట్ వాళ్ళే చూస్తారు. లేకపోతే ఇంటికి, నల్లపెట్టెల దగ్గరికి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పరీక్షకి పిలిచారు. మేమూ వెళ్ళాం. దానయ్య ఎర్ర కోటు ఇస్త్రీ చేయించి, కుచ్చుటోపీ పెట్టుకుని వచ్చాడు. పాట మొదలైంది. పెర్సీ నీ వంతు అని సైగ చేశాడు. దానయ్య ఊదాడు, బాగుంది. అంతలో ముందు టేబుల్ దగ్గర ఒక లావుపాటాయన సెల్‌ఫోన్ మోగితే మాట్లాడదామని లేచి బయటికి నడిచాడు. మన దానయ్య కంటికి ఆయన పెళ్ళికొడుకులా ఆనాడు. అంతే, స్టేజీ దిగి, ఆయన ముందు వెనక్కి నడుస్తూ, టేబుళ్ళ మధ్య నుంచి, లాబీలోంచి, టాక్సీ స్టాండు దాకా ఊరేగించాడు. పెర్సీ పియానో దగ్గర నుంచి తలమీద టపటపా కొట్టుకుంటున్నాడు. జాజ్ వాళ్ళకి దాని అర్థం మొదటికొచ్చి పాట ముగించమని. దానయ్య టోపీ పక్కకి ఒరిగిందేమో అనుకుని సర్దుకున్నాడు. జనం పడీ పడీ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను మాత్రం సోఫాలోకి కుంగిపోయాను.

ఆ లావుపాటాయన ఒక కంప్యూటర్ కంపెనీకి పెద్ద. హోటల్ మేనేజరు మొహం మాడిన అట్టులా అయింది. పెర్సీ అడ్డుపడ్డాడు. వెనకటికి అమెరికాలో ఇలాంటి సాక్సఫోన్ వీరులు బార్ బల్లలెక్కి నడుస్తూ వాయించేవాళ్ళు, జనం వేలంవెర్రిగా వచ్చేవాళ్ళు అని నచ్చజెప్పాడు. మేనేజరు అది అమెరికాయే కానీ తన లాబీ కాదన్నాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఈ మనిషి స్టేజీ మీదే నిలబడి వాయించాలి. మెట్టు దిగిన రోజే ఉద్యోగం ఆఖరు, ఆ పైన విమానమే.

దానయ్యకి నిలబడితే ఊపిరి ఆడదు. నిజంగానే. కాళ్ళు ఆగితే పాట అయిపోయినట్టేనని ఒంటికి అలవాటైపోయింది. నాలుగు ముక్కలు ఊదగానే పాట దానంతటదే చచ్చిపోయేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, మా వంటింట్లో సాధన పెట్టాం. పప్పు నానబోసే ప్లాస్టిక్ తొట్టిలో నిలబెట్టాను. తొట్టితో సహా జరిగాడు. మా ఆయన అతని పాదాలమీద చేతులు వేసి కూర్చున్నారు. పాదాలు ఆగాయి, పాటా ఆగింది. పెర్సీ వచ్చి ఇంకో గొడవ పెట్టాడు. ఇతని స్వరాలన్నీ కవాతులాగా సమానంగా పడుతున్నాయట, జాజ్‌కి అలా కుదరదట. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పడాలట, దాన్ని స్వింగ్ అంటారట. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఉపేంద్ర ఇదంతా విని, ఇది చాలా సింపుల్ ఆంటీ, ఈయనకి ఒక క్లాక్ కావాలి అన్నాడు. కంప్యూటర్‌లో ఏదో రాసి, టిక్కు టిక్కుమనే ప్రోగ్రాము చేసి దానయ్య ముందు పెట్టాడు. దానయ్య దానికేసి మర్యాదగా చూశాడు.

"బానే ఉందండి బాబూ. కానీ దీన్ని ఊరేగించలేం కదండి" అన్నాడు.

దారి చూపించింది మా ఆయన ఆకలి. ఒక ఆదివారం పొద్దున్న స్నానం చేసి, తువ్వాలుతోనే వంటింట్లోకొచ్చి, ఇడ్లీ ప్లేటు పట్టుకుని హాల్లోకి నడిచారు. దానయ్య తొట్టిలో నిలబడి ఊదుతున్నాడు. పాట ఆగలేదు. మా ఆయన చట్నీ కోసం వెనక్కొచ్చారు. పాటా కూడానే వచ్చింది. ఆయన కుర్చీలో కూలబడగానే పాట టక్కున ఆగింది. తొట్టి మాత్రం అంగుళం జరగలేదు. నేను గరిటె కింద పడేసి, మళ్ళీ లేవండి, నడవండి అన్నాను. పాపం అయోమయంగా లేచి నడిచారు. పాట మళ్ళీ వచ్చింది. విషయం బోధపడింది. నడవాల్సింది దానయ్య కాదు, పెళ్ళికొడుకు. ఎదురుగా ఒక మనిషి నడుస్తూ కనపడితే చాలు, ఇతను రాయిలా నిలబడి వాయించగలడు. ఆ వారమంతా దానయ్య యార్డు పనయ్యాక వస్తే, మా ఆయన హాల్లో పెళ్ళికొడుకై తిరిగారు. అసలు పెళ్ళినాడు కూడా తనకింత మర్యాద జరగలేదని మా పుట్టింటివాళ్ళకి చురక వేశారు. నేను విననట్టు గిన్నెలు తోముకున్నాను.

హోటల్‌లో మా ఆయన్ని పెట్టలేం కదా. కానీ అక్కడ పెళ్ళికొడుకు తయారుగానే ఉన్నాడు. లాంజ్‌లో అందరికన్నా పాత వెయిటరు లిమ్ అంకుల్. తెల్లకోటు, తెల్లజుట్టు, కుడి మోకాలు అరిగిపోయి ఒక అడుగు నిదానంగా, ఒక అడుగు గబుక్కున పడేది. ఎంతమంది వెయిటర్లున్నా దానయ్య కన్ను ఆయన మీదే పడింది. తర్వాతెప్పుడో అడిగితే, మిగతావాళ్ళది పరుగక్కా, నడకంటే ఆయనదే అన్నాడు. ఆ ఆదివారం లిమ్ అంకుల్ ట్రే ఎత్తి టేబుళ్ళ మధ్యకి దిగాడు. దానయ్య ఆయన్నే చూస్తూ ఊదాడు. పొడుగు, పొట్టి. పొడుగు, పొట్టి. పెర్సీ పియానో మీద నుంచి గిర్రున తల తిప్పాడు. వారాల తరబడి మొత్తుకున్నా రాని స్వింగ్ వచ్చి ఒళ్ళో కూర్చుంది. లిమ్ అంకుల్ ఒక టేబుల్ దగ్గర ఆగి గ్లాసు పెడితే, దానయ్య స్వరాల వరుస సరిగ్గా అక్కడే ముగిసింది.

అక్కడి నుంచి దానయ్య దశ తిరిగింది. పాత పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపి, హోటల్‌వాళ్ళే కొత్త పర్మిట్‌తో పిలిపించుకున్నారు. సెరంగూన్‌లో గది తీసుకున్నాడు. ఎర్ర కోటు పోయి నల్ల కోటు వచ్చింది, టోపీని మాత్రం ఎవరు చెప్పినా తీయలేదు. కంప్యూటర్ కంపెనీలు పార్టీలకి అతన్నే అడిగేవి. మేనేజరు గోడమీద అతని ఫోటో పెట్టించాడు. అమెరికా పర్యటన ముగించుకొచ్చిన ఒక పత్రికాయన, ఈ లయ అక్కడి దక్షిణాది పత్తిచేల నుంచి వచ్చిందని గంభీరంగా రాశాడు. అది లిమ్ అంకుల్ మోకాల్లోంచి వచ్చిందని మా ముగ్గురికే తెలుసు. లిమ్ అంకుల్‌కి చెప్పమని నేను పోరాను. దానయ్య ఒప్పుకోలేదు.

"మీ అవిటికాలు చూసి వాయిస్తున్నానని పెద్దాయనకి ఎలా చెప్పనక్కా? వెక్కిరించినట్టుండదా? ఆయన బాధపడితే నేనింక ఊదలేను" అన్నాడు.

అలా నాలుగేళ్ళు నడిచింది. కంప్యూటర్ల వెర్రి ఎక్కినంత వేగంగా దిగింది కూడా. ఉపేంద్ర కంపెనీ మూతపడింది, అతనే ఇంకోటి తెరిచాడు, అతనికి పొట్ట కూడా వచ్చింది. దానయ్య పాట మాత్రం తగ్గలేదు. తగ్గింది లిమ్ అంకుల్ మోకాలు. డాక్టరు ఇక నిలబడే పని వద్దన్నాడు. బెడోక్‌లో ఉండే కూతురు తన దగ్గరికి రమ్మంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆఖరి పూట అని తెలిసి మేమూ వెళ్ళాం. ఇక రేపటినుంచి ఎవర్ని చూసి వాయిస్తావని అడుగుదామనుకున్నాను కానీ, దానయ్య మొహం చూసి మానేశాను.

మేనేజరు కేక్ కోయించాడు. లిమ్ అంకుల్ తెల్లకోటు విప్పి మడతపెట్టి ఇచ్చేసి, చేతిసంచి తీసుకున్నాడు. పనివాళ్ళెప్పుడూ వంటింటి వెనక తలుపు నుంచే వెళ్ళాలి. ఆఖరి రోజు కదా, ముందు వైపు నుంచే వెళ్ళమని మేనేజరే అన్నాడు. బయట కూతురు టాక్సీ పెట్టుకుని ఉంది. అప్పుడు స్టేజీ మీద పాట నడుస్తోంది, దానయ్య వంతు. లిమ్ అంకుల్ టేబుళ్ళ మధ్య నుంచి తలుపు వైపు నడిచాడు, పొడుగు, పొట్టి. దానయ్య చూపు ఆయన వీపు మీదే ఉంది. పెళ్ళికొడుకు వెళ్ళిపోతున్నాడు.

దానయ్య మెట్టు దిగాడు.

మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నాలుగేళ్ళు కాపాడుకున్న బతుకు ఆ ఒక్క మెట్టుతో పోయిందనుకున్నాను. దానయ్యకి మేనేజరూ కనపడలేదు, మేమూ కనపడలేదు. లిమ్ అంకుల్‌ని దాటి ముందుకెళ్ళి, ఆయన వైపు మొహం తిప్పి, వెనక్కి నడుస్తూ, ఊదుతూ, లాబీలోంచి టాక్సీ దాకా తీసుకెళ్ళాడు. అంత బాగా అతను ఎప్పుడూ వాయించలేదు. మేమూ వెంటపడ్డాం, మా వెనక మేనేజరు. టాక్సీ దగ్గర లిమ్ అంకుల్ ఆగాడు. దానయ్య కాళ్ళు ఆగాయి. పాట ఆగింది. లోపల బ్యాండు మాత్రం వాయిస్తూనే ఉంది, వాళ్ళకి ఇతని కాళ్ళు కనపడవు కదా.

దానయ్య టోపీ తీసి, తనకొచ్చిన మలయ్, ఇంగ్లీషు ముక్కలన్నీ కూడగట్టుకుని చెప్పేశాడు. ఇన్నాళ్ళూ మీ నడక చూసే వాయించాను, మా ఊళ్ళో పెళ్ళికొడుక్కి వాయించినట్టు, చెప్పే ధైర్యం లేకపోయింది, తప్పయితే క్షమించండి అని. అతని కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నాకూ కారాయి, దాచుకోలేదు.

లిమ్ అంకుల్ అతని భుజం మీద తట్టాడు.

"తెలుసులే. నేను ఆగితే నువ్వు ఆగిపోతావు, మొదటి నెలలోనే చూశా. అందుకే ఆర్డర్ లేకపోయినా ఖాళీ ట్రే పట్టుకుని నడిచేవాణ్ణి. నీ పాట అయ్యాకే కూర్చునేవాణ్ణి."

ఆ మోకాలితో. నాలుగేళ్ళు. లిమ్ అంకుల్ లోపలి డ్రమ్ముల మోత ఒక క్షణం విన్నాడు. మేనేజరు మొహం కూడా చూశాడు. సంచి కూతురి ఒళ్ళో పడేసి, పాట ఇంకా అవలేదు పద అని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. దానయ్య గబగబా సాక్సఫోన్ నోట పెట్టుకుని మళ్ళీ ఆయన ముందుకెళ్ళాడు. లాబీ దాటి, టేబుళ్ళు దాటి, స్టేజీ మెట్ల వరకూ లిమ్ అంకుల్ తిన్నగా నడిచాడు. దానయ్య వెనక్కి నడుస్తూనే మెట్టెక్కాడు. లిమ్ అంకుల్ అప్పుడు ఆగాడు. కాళ్ళు ఆగాయి, డ్రమ్ములతను చూశాడు, పాట సరిగ్గా ముగిసింది. జనం లేచి నిలబడ్డారు. లిమ్ అంకుల్ మేనేజరు వైపు తిరిగి, బాస్, అతను స్టేజీ మీదే ఉన్నాడు, చూడు అన్నాడు. మేనేజరు స్టేజీ చూశాడు, లిమ్ అంకుల్‌ని చూశాడు, కేక్ ప్లేట్లు తీయించడానికి వెళ్ళాడు.

చప్పట్లు తగ్గాక పెర్సీ వెంటనే ఇంకో పాట ఎత్తుకున్నాడు. దానయ్య కళ్ళు లిమ్ అంకుల్ కోసం వెతికాయి. ఆయన లేడు. తను వెళ్ళడం మళ్ళీ ఇతని కంటపడకూడదని ఈసారి వంటింటి వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాడు. పెర్సీ సైగ చేశాడు. దానయ్య సాక్సఫోన్ ఎత్తాడు కానీ ఊపిరి అందడం లేదు, మా వంటింట్లో మొదటి రోజు ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు. నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. ఆయన లేచి, కేక్ తిన్న ఖాళీ ప్లేటు చేత పట్టుకుని, టేబుళ్ళ మధ్య నుంచి నడిచారు, ఒక అడుగు నిదానంగా, ఒక అడుగు గబుక్కున.